అవతలి గట్టు కేక

మన క్రైస్తవుల ఇళ్ళల్లో చావు కూడికకి తెల్లబట్టలు కట్టుకుని వస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, చంటిపిల్లకీ తెలుసు. అందుకే రత్నరాజు పోయి ఏడాది నిండిన రోజున, కృత్తివెన్ను అవతల వాళ్ళ ఊరి చర్చి ముందు కార్లు ఆగి, వాటిలోంచి నల్ల చొక్కాల మంద ఒకటి దిగేసరికి ఊరు ఊరంతా నోరు తెరిచింది.

చొక్కాల మీద పుర్రెలు. పుర్రెల చుట్టూ ముళ్ళకంప అల్లినట్టు ఏవో అక్షరాలు. అవి రత్నరాజు బ్యాండు పేరట, ‘పదో నంబరు’. బందరు పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే ఈ తీరంలో మంచం దిగలేని ముసలమ్మ కూడా మూట సర్దుకుంటుంది. ఆ పేరు పెట్టుకుని వాడు హెవీ మెటల్ పాడేవాడు. పాడటం అని వాడి అభిమానులంటారు. అరవడం అని ఊరివాళ్ళంటారు. వాడి తండ్రి దేవదానం ఏమీ అనడు.

హనోకు పాస్టరుగారు గుమ్మంలోనే చేతులు అడ్డంపెట్టి నిలబడ్డారు. “బాబూ, అంత దూరం నుంచి మా వాడి కోసం వచ్చారు, చాలా సంతోషం. మీరు రండి. ఆ పుర్రెలు మాత్రం మందిరంలోకి రాకూడదయ్యా.”

“తిరగేసుకుంటాం అయ్యగారూ,” అన్నాడు గిరీష్. అతను గుడివాడ శోభనాద్రి గారబ్బాయి, రత్నరాజు పక్కన డ్రమ్ములు వాయించినవాడు. మగపిల్లలంతా చర్చి వెనక్కి వెళ్ళి, చొక్కాలు లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి తొడుక్కుని, కుట్లూ దారాలూ కనపడుతుండగా బుద్ధిమంతుల్లా వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళతో వచ్చిన తనూజ అనే అమ్మాయి, బందరులో పళ్ళ డాక్టరు, ఏంచేయాలో తోచక నిలబడిపోతే, రత్నరాజు తల్లి సువర్ణ తన తెల్ల శాలువా తీసి ఆ పిల్ల భుజాల చుట్టూ కప్పింది. “రా అమ్మా. మా రాజుకి నలుపంటేనే ఇష్టం,” అంది.

ముందు వరసలోంచి దేవదానం ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. తెల్లబట్టల వెనక ఆ నల్ల వరస, చెరువు గట్టు మీద నీటికాకులు వాలినట్టు కనిపించింది. ఆయన కంటికి అలా కనిపించడంలో వింతేమీ లేదు. ముప్పై ఏళ్ళు ఆ పిట్టల్ని తోలి బతికినవాడు.

శోభనాద్రి గారి చేపల చెరువులకి దేవదానం కాపలా ఉండేవాడు. మేత వేయడం, ఇంజను పెట్టి నీళ్ళు తోడటం ఒక ఎత్తు, పిట్టల్ని తోలడం ఒక ఎత్తు. నీటికాకి చూడ్డానికి ఇంతే ఉంటుంది, మునిగిందంటే చేపతో గానీ పైకి లేవదు. బాణాసంచా కాల్చి తోలేవాళ్ళున్నారు. దేవదానానికి ఆ అవసరం లేదు. ఆయన పొద్దున్నే గట్టెక్కి ఒక్క కేక వేస్తే పక్క ఊళ్ళో గేదెలు తాడు తెంపుకునేవని అనేవారు. ఊరివాళ్ళు మాటని కాస్త సాగదీస్తారు. అయినా తాడు గట్టిగా లాగేవన్నది నిజం.

ఆ పనికి ఒక వరస ఉంది. ఒక్కడివల్ల అయ్యేది కాదు. ఈ గట్టు మీద కేకేస్తే లేచిన పిట్టలు ఎటు పోతాయి? అవతలి గట్టుకి పోతాయి. అవి అక్కడ వాలేలోపు అవతలివాడు అందుకుని బదులు కేక వేయాలి. అప్పుడు గానీ అవి చెరువొదిలి పోవు. బదులు రాలేదా, మొదటివాడు గొంతు చించుకున్నది దండగ. చాలాకాలం అవతలి గట్టున అంకమ్మరావు ఉండేవాడు. అతను మానేశాక ఆ గట్టు రత్నరాజు ఎక్కాడు. అప్పటికి బందరు కాలేజీలో చదువుతున్నాడు. పొద్దున కేకలు, తర్వాత బస్సు, తర్వాత పాఠాలు.

మొదట్లో వాడి కేక పిల్లి కూతలా ఉండేది. దేవదానం ఈ గట్టు మీంచి నవ్వేవాడు. “గొంతుతో కాదురా సన్నాసీ! బొడ్డు దగ్గర్నించి రావాలి. గొంతుతో అరిస్తే రేపటికి గొంతుండదు, బొడ్డుతో అరిస్తే చచ్చేదాకా ఉంటుంది,” అని అరిచి చెప్పేవాడు. నెమ్మదిగా వాడికి పట్టుబడింది. తండ్రీకొడుకులు ఎదురెదురు గట్ల మీద పొద్దుటి మంచులో ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే అరుచుకునేవారు. దేవదానం బతుకులో అంత సుఖమైన రోజులు మళ్ళీ రాలేదు.

తర్వాత చెడింది. చర్చిలో యువజనుల ఆదివారం నాడు రత్నరాజు గిటారు మెడలో వేసుకుని ఒక కొత్త పాట పాడాడు. పాట మధ్యలో ఆ కేక పెట్టాడు. ముసలివాళ్ళు ఉలిక్కిపడ్డారు, ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. దేవదానం సంఘపెద్ద. పరువు పోయిందనిపించింది. లేచి నిలబడి, “పిట్టలు తోలే గొంతు దేవుడి ఇంట్లో ఎందుకురా?” అన్నాడు, అందరి ముందూ. వాడు గిటారు తీసి సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. కొన్నాళ్ళకి హైదరాబాదు వెళ్ళాడు. ఆ కేకతోనే పేరు తెచ్చుకున్నాడు.

మాటలు పూర్తిగా ఆగిపోలేదు. వాడు ఫోను చేసేవాడు. తిన్నావా, తిన్నా, వానలు పడ్డాయా, పడ్డాయి. అంతటితో తల్లి చేతికి ఫోను వెళ్ళిపోయేది. మొక్కై వంగనిది మానై వంగునా అని కొడుకు గురించి దేవదానం అనేవాడు గానీ, వంగని మాను ఎవరో సువర్ణకి బాగా తెలుసు.

ఒకనాడు టీకొట్టు దగ్గర ఎవరో ఫోనులో రత్నరాజు ఇంటర్వ్యూ చూపించారు. అడిగే అమ్మాయి, “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అంది. వాడు నవ్వేసి తల పక్కకి తిప్పుకుని, “అదిప్పుడు చెప్పను, ఇంకోటి అడగండి,” అన్నాడు. దేవదానం టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. “సిగ్గు పడ్డాడే. కాపలావాడి కొడుకునని చెప్పుకోడానికి వాడికి సిగ్గు,” అన్నాడు భార్యతో. “కాదులెండి,” అంది సువర్ణ. కాదని ఆవిడకైనా ఎలా తెలుసు? వాణ్ణే అడుగుదామని, ఫోను వచ్చినప్పుడల్లా దేవదానం అనుకునేవాడు. నోరు రాలేదు. ఇంతలో డెంగ్యూ వచ్చి, అడిగే అవకాశం కూడా లేకుండా వాణ్ణి పట్టుకుపోయింది. ఏడాదిగా దేవదానం లోపల ఆ ఒక్క ప్రశ్నే కలుక్కుమంటూ ఉంది. కొడుకు పోయిన దుఃఖాన్ని పదిమందిలో ఏడవచ్చు. ఇది ఎవరితో చెప్పుకుంటాడు?

కూడికలో సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. పోయినవాడి గురించి ఒక్కొక్కరూ లేచి ఒక మంచిమాట చెప్పాలి. బంధువులు చెప్పారు. వెనక బెంచీల్లో గిరీష్ లేచి రెండు మాటలనేసరికి ఏడుపొచ్చి కూర్చుండిపోయాడు. చివర్న తండ్రి వంతు. దేవదానం లేచి, “మా వాడు తప్పిపోయిన గొర్రె. ప్రభువు వెదకి పట్టుకున్నాడని నమ్ముతున్నాను. అంతేనండీ,” అని కూర్చున్నాడు. వెనక బెంచీల్లో తలలన్నీ వంగిపోయాయి. సువర్ణ భర్త వైపు చూడకుండా పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

భోజనాలయ్యాక, షామియానా కింద కుర్చీలు మడిచేస్తుండగా గిరీష్ చేతులు కట్టుకుని దేవదానం దగ్గరికి వచ్చాడు. వెనక తనూజ, మిగతావాళ్ళు.

“మావయ్యగారూ, ఒక్కటి అడుగుతాం. రాజు మొట్టమొదటి నాలుగు పాటలు రికార్డు చేసింది మన చెరువు దగ్గర పాకలోనే. మా డ్రమ్ములు గుడివాడలో గోడౌన్లో వాయించాం గానీ, పాడింది మాత్రం వాడొక్కడే, ఇక్కడే. ఆ గట్టు మీద కూర్చుని ఒక్కసారి అవి వినాలని ఉంది.”

“హైదరాబాదులో పెద్ద పెద్ద స్టూడియోల్లో చేసినవి కూడా వీటి ముందు దిగదుడుపే అంకుల్,” అంది తనూజ. “మేమంతా వీటివల్లే వాడికి అభిమానులమయ్యాం.”

“నాకెందుకమ్మా. మీరు వెళ్ళి వినండి,” అన్నాడు దేవదానం.

“నేను వింటాను,” అంది సువర్ణ. అందరూ ఆవిడ వైపు తిరిగారు. “నా కొడుకు పాట నేనొక్కటీ పూర్తిగా వినలేదు. ఈయన ఏమంటారోనని ఇంట్లో పెట్టుకోలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఎలా ఉన్నా వింటాను. మీరూ రండి.” ఆఖరి మాట మొగుడితో అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం దేవదానం వినలేదు. చెప్పులేసుకున్నాడు.

హనోకు పాస్టరుగారు కూడా వెంట నడిచారు. “ఇంతకీ దేంతో రికార్డు చేశాడయ్యా ఆ పాకలో?” అని అడిగారు దారిలో.

గిరీష్ నసిగాడు. “టేప్‌రికార్డరుతోనండీ. సంఘానిదే. పాటల ప్రాక్టీసుకని మీ దగ్గరే తీసుకున్నాడు.”

“అదా! అందుకేనా ఆ తర్వాత అది నా ప్రసంగాలు సరిగ్గా ఎక్కించుకోలేదు,” అన్నారు పాస్టరుగారు. అందరూ నవ్వారు, దేవదానం తప్ప.

చెరువు ఇప్పుడు వేరేవాళ్ళ లీజులో ఉంది. కొత్తాయన పిట్టలు బెదరాలని గట్ల వెంట మెరుపు రిబ్బన్లు కట్టించాడు. నీటికాకులు ఆ రిబ్బన్లు కట్టిన కర్రల మీదే కూర్చుని రెక్కలారబెట్టుకుంటున్నాయి. పాక ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎండ వాలుతోంది. పిల్లలు చొక్కాలు మళ్ళీ తిరగేసుకున్నారు, పుర్రెలు బయటికి వచ్చాయి. తనూజా మరికొందరూ పాకని ఫోటో తీసుకుంటామని చుట్టూ తిరిగి అవతలి గట్టు మీదకి వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఇటు కూర్చున్నారు. గిరీష్ స్పీకరు గట్టు మీద పెట్టి, శబ్దం పెంచి మీట నొక్కాడు.

ముందు నీళ్ళ చప్పుడు వచ్చింది. తర్వాత డుగడుగమంటూ డీజిలు ఇంజను. దేవదానం తలెత్తాడు. ఆ ఇంజను ఆయనకి తెలుసు. తాడు లాగి లాగి అరచెయ్యి కాయలు కాసిన ఇంజను. అది తుక్కు కింద అమ్మేసి ఎన్నాళ్ళో అయింది.

అప్పుడు ఆ ఇంజను చప్పుడు మీంచి, దూరంగా, ఒక కేక లేచింది. పాట కాదు, మాట కాదు. భూమిలోంచి బయల్దేరి, గట్టు పొడుగునా పాకి, పైకెళ్ళి తెగిపోయిన కేక. గట్టు మీద కూర్చున్న కుర్రాళ్ళంతా ఒక్కసారి చేతులు పైకెత్తి, హెవీ మెటల్ కచేరీల్లో చేసినట్టు వేళ్ళు కొమ్ముల్లా చాపి, మొహాలు వెలిగిపోతుండగా “హే!” అన్నారు.

సువర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దేవదానం గుర్తుపట్టాడు. అది తన కేక. వేరే ఎవరిదీ కాదు. తనకి తెలియకుండా ఆ సంఘం టేపురికార్డరులో పట్టేశాడు కొడుకు. పట్టి ఏంచేశాడు? ఊళ్ళు తిప్పి వినిపించాడు. నవ్వుకోవడానికి. ఇదిగో, ఈ కుర్రాళ్ళు చేతులెత్తి పళ్ళికిలిస్తున్నారు.

“ఆపండి,” అన్నాడు. గిరీష్‌కి వినిపించలేదు. “ఆపు గిరీష్ బాబూ!”

స్పీకరు ఆగింది. ఇంజనూ ఆగింది.

“వాడు నా పేరెందుకు చెప్పుకోలేదో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు దేవదానం. “పేరు చెప్పడానికి సిగ్గు. నవ్వించడానికి మాత్రం కాపలావాడి కేక కావాల్సొచ్చింది. పిట్టలు తోలుకుని పెంచాను బాబూ వాణ్ణి. ఆ కేకే అన్నం పెట్టింది వాడికి. అది పదిమందికీ వేళాకోళమైపోయిందా?”

గిరీష్ మోకాళ్ళ మీద వాలిపోయాడు. “మావయ్యా... ఆ గొంతు మీదా?”

“నాది కాక ఇంకెవరిది? అడుగు మీ అత్తయ్యని.”

“ఈయనదే,” అంది సువర్ణ. ఏడుస్తోంది, నవ్వుతోంది. “రోజూ ఈ కేకకే కదా నేను పొయ్యి వెలిగించింది.”

గిరీష్ చేత్తో మొహం రుద్దుకున్నాడు. “మేం ఎంత వెతికామండీ మీకోసం! ఆ కేక ఎవరిదిరా అని ఎన్నిసార్లు అడిగినా, ‘మా గురువుగారిది’ అనేవాడు తప్ప పేరు చెప్పేవాడు కాదు. చెరువు మాదే గానీ పొద్దున్నే గట్టెక్కి మీ కేక నేనెప్పుడూ వినలేదు, గురువంటే ఎవరో పెద్ద సంగీత విద్వాంసుడనుకున్నాం. వాడు పోయాక ఆయన్ని వెతికి వెళ్ళి కనపడదామని బందరులో సంగీతం మాస్టార్లందరి తలుపులూ కొట్టాం. ఒకాయన ఈ టేపు విని మొహం మీదే తలుపేశాడు.”

“గురువా?” అన్నాడు దేవదానం. ఆ మాట ఆయనకి అర్థం కాలేదని కాదు. తనకి తగిలించుకోవడం చేతకాలేదు. “ఎవరితో అన్నాడు?”

“అందరితో. ప్రతి షోలో. వినండి.” గిరీష్ ఫోనులో వెతికి మళ్ళీ మీట నొక్కాడు. జనం హోరు. ఆ హోరు మీద రత్నరాజు గొంతు, మామూలుగా మాట్లాడే గొంతు, కాస్త రొప్పుతూ వచ్చింది. “అందరూ లేచి నిలబడండి. ఇప్పుడు మా గురువుగారు వస్తారు. ముందు ఆయన, తర్వాత నేను. వరస అదే.” జనం నిశ్శబ్దమైపోయారు. అంతమంది ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలోకి నీళ్ళ చప్పుడు, ఇంజను, దేవదానం కేక. కేక తెగీ తెగకముందే, దాన్ని గాల్లోనే అందుకుంటూ రత్నరాజు గర్జన.

దేవదానం గట్టు మీద కూలబడ్డాడు. కొడుకు ఎక్కడ నిలబడి ఆ గర్జన పెట్టాడో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. అవతలి గట్టు మీద. పిట్టలు వాలేలోపు.

“మరి ఆ ఇంటర్వ్యూలో...” అన్నాడు.

“నేనూ పక్కనే ఉన్నా. తర్వాత అడిగాను కూడా, చెప్పొచ్చు కదరా అని. ‘నాన్న షోకి వచ్చిన రోజున స్టేజీ మీద నిలబెట్టి చూపిస్తా, నోటితో ఎందుకు చెప్పడం’ అన్నాడు. నాన్న గురించీ, గురువు గురించీ వాడు చెప్పేది ఒకటే మాట, ఆయన వచ్చిన రోజున చూద్దురుగాని అని. ఇద్దరూ ఒకరేనని మాకు తట్టలేదు మావయ్యా. మిమ్మల్ని పిలిచాననీ, మీకు తీరిక లేదనీ చెప్పాడు.”

పిలిచాడు. నిజమే. ‘ఒక్కసారి హైదరాబాదు రా నాన్నా’ అని రెండుసార్లు పిలిచాడు. ‘చెరువొదిలి ఎలా వస్తాన్రా’ అన్నాడు తను. అప్పటికి కాపలా మానేసి ఏడాది దాటింది. తిన్నావా అని అడగడం తప్ప ఏమీ చేతకాని ముసలివాడు, ఆ పిలుపులో ఏముందో వినలేకపోయాడు. దేవదానం రెండు చేతుల్లో మొహం పెట్టుకుని బావురుమన్నాడు. చర్చిలో ఏడవలేదు, సమాధి దగ్గర ఏడవలేదు. ఇప్పుడు నల్ల చొక్కాల మధ్య కూర్చుని ఏడ్చాడు. హనోకు పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోయి, సువర్ణ మొహం చూసి మానుకున్నారు.

ఏడుపు తగ్గాక గిరీష్ నెమ్మదిగా అన్నాడు. “మావయ్యా, అడగకూడదేమో. ఒక్కసారి...”

“ఎక్కడయ్యా! మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు దగ్గు తప్ప ఏమీ రాదు.”

“గొంతుతో అరిస్తే రాదు,” అంది సువర్ణ.

దేవదానం భార్య వైపు చూశాడు. అవతలి గట్టు మీద తనూజావాళ్ళు, ఇటు ఏం జరిగిందో సగం తెలిసీ తెలియక, చూస్తూ నిలబడి ఉన్నారు. నీళ్ళ మీద ఎండ పచ్చబడింది. కర్రల మీద నీటికాకులు ధీమాగా కూర్చున్నాయి. ఆ ధీమా చూసేసరికి ఆయనకి పాత కోపం రానే వచ్చింది. లేచాడు. పంచె ఎగ్గట్టాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కడుపు లోపలికి లాగి, కేక వేశాడు.

మొదట బొంగురుగా వచ్చింది. మధ్యలో చీలింది. ఆ చీలిక దాటాక అసలు గొంతు లేచింది. గట్టు పొడుగునా పాకింది. కర్రల మీద పిట్టలన్నీ ఒక్కసారి గుప్పున లేచాయి. గట్టు మీద కుర్రాళ్ళు మాత్రం కదల్లేదు. లేచిన పిట్టలు ఎప్పటిలాగే చెరువు మీదుగా అవతలి గట్టుకి మళ్ళాయి.

దేవదానం అలవాటుగా ఊపిరి బిగబట్టి అటు చూశాడు. బదులు రావలసిన వేళ. రాదని తెలిసి కూడా చూశాడు.

వచ్చింది. అవతలి గట్టు మీంచి, తనూజ గొంతు ముందు, ఆ వెంటనే మిగతా అందరివీ, రత్నరాజు గర్జన, వాడు పాడినట్టే, వాడు అందుకున్న చోటే. వాళ్ళకది కంఠతా వచ్చు. ఎన్నో షోల్లో వాడితో కలిసి అరిచినదే. తెల్ల శాలువా జారిపోతుంటే ఆ పళ్ళ డాక్టరమ్మాయి బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని వంగి మరీ అరుస్తోంది.

పిట్టలు గాల్లో గిర్రున తిరిగి, ఏ గట్టునా వాలకుండా, సముద్రం వైపు వెళ్ళిపోయాయి.